ఏ పిల్ల కోసం వెతుకుతారు?

తప్పిపోయిన పిల్ల కథకు జనం టీవీ ముందు కూర్చుంటారు. ఫ్రాన్స్ ప్రభుత్వ టెలివిజన్ 'ఫ్రాన్స్ 2'లో 2015 ఏప్రిల్-మే నెలల్లో వచ్చిన 'దిస్పరూ' అట్లాంటిదే. ఒక స్పెయిన్ సీరియల్ ఆధారంగా ఎనిమిది భాగాలుగా తీశారు. లియాన్ నగరంలో జూన్ 21 రాత్రి, ఊరంతా సంగీతోత్సవంలో ఉండగా, పదిహేడో పుట్టినరోజు జరుపుకోడానికి బయటికెళ్లిన లేయా మోరెల్ తిరిగి రాదు.

సీరియల్ బాగుంది. తల్లిగా అలిక్స్ ప్వాసోన్ నటన మమ్మల్ని కదిలించింది. అయితే మేం చూసింది హంతకుడి కోసం కాదు. కమాండర్ మోలీనా దర్యాప్తు సాగేకొద్దీ లేయా ఇంట్లో చెప్పని సంగతులు బయటపడతాయి. అయినా వెతుకులాట ఆగదు. 'ఇట్లాంటి పిల్లేగదా' అని ఫైలు మూసెయ్యరు. స్థిరపడిన తెల్ల కుటుంబపు పిల్లకు రహస్యాలుంటే అవి ఆధారాలవుతాయి. వాడపిల్లకుంటే అవే నేరం. "ఎవడితోనో పోయుంటది, రెండ్రోజులాగు" అనే మాట స్టేషన్ మెట్ల మీద విననోళ్లు మనలో ఎందరు? మైనరు కూతురి సంగతి పోలీసులు పట్టించుకోలేదని ఒక తండ్రి సుప్రీంకోర్టు కెక్కితేగాని, నేరం కనబడే ఫిర్యాదొస్తే ఎఫ్.ఐ.ఆర్. రాసి తీరాలన్న లలితా కుమారి తీర్పు (2013 నవంబర్ 12) రాలేదు.

అమెరికాలో నల్లజాతి జర్నలిస్టు గ్వెన్ ఐఫిల్ 2004లోనే ఈ వివక్షకు 'తప్పిపోయిన తెల్ల స్త్రీ జబ్బు' అని పేరు పెట్టారు.

డిటెక్టివ్ కథలో సమాజశాస్త్రం వెతకడమేమిటని మిత్రులు అనొచ్చు. కానీ లియాన్ ఉత్త సెట్టింగు కాదు. దాని శివారు వెనిస్యూలోని మింగెత్ కాలనీలో 1983 జూన్‌లోనే తూమీ జైజా అనే అల్జీరియా మూలాల యువకుడు పోలీసు తూటాకు గాయపడ్డాడు. అక్కడి నుంచి పుట్టిందే సమానత్వ యాత్ర. అక్టోబర్ 15న మార్సేలో కొద్దిమందితో బయల్దేరి, డిసెంబర్ 3న పారిస్ చేరేసరికి దాదాపు లక్షమంది అయ్యారు. మోరెల్ కుటుంబం చుట్టూ తిరిగే కథలో ఆ లియాన్‌కు చోటు దొరకలేదు.

ఇంకో సంగతి. సీరియల్ ముగిసిన కొద్దిరోజులకే, మే 18న, రెన్ నగర కోర్టు ఇద్దరు పోలీసుల్ని నిర్దోషులుగా వదిలేసింది. పారిస్ శివారు క్లిషీ-సూ-బ్వాలో 2005 అక్టోబర్ 27న పోలీసులకు భయపడి పారిపోతూ విద్యుత్ సబ్‌స్టేషన్‌లో దూరిన జియెద్ బెన్నా (17), బునా త్రావొరే (15) షాక్ కొట్టి చచ్చిపోయారు. లోపలికి పోతే బతకడం కష్టమన్న అర్థంలో ఒక పోలీసు రేడియోలో అన్న మాట రికార్డయింది కూడా. ఆపదలో ఉన్నవాళ్లను ఆదుకోలేదన్నదే అభియోగం. అది నిలవలేదు.

జియెద్‌దీ లేయా వయసే. అతనెక్కడున్నాడో పోలీసులు వెతకాల్సిన పని కూడా లేదు. ఈ సీరియల్‌ను క్లాసులో చూపించే టీచర్లుంటే, మొదటి భాగం దగ్గరే ఆపి, పోలీసులు ఎవరి మాట విన్నారు, ఎందుకు విన్నారు అని పిల్లల్ని అడిగి చూడండి.