పొరుగువాడెవడు? - జాషువా కావ్యదృష్టి, క్రైస్తవ ప్రేమ

తెలుగు సాహిత్యవిమర్శలో ప్రేమ అన్న మాట వినగానే మనకు మొదట భావకవిత్వం గుర్తుకు వస్తుంది. ఊహాప్రేయసి, విరహం, వెన్నెల, కన్నీరు. అభ్యుదయ సాహిత్యం దానిని ఎదిరించింది. ఎదిరించటం అవసరమే. అయితే ఆ వేడిలో ప్రేమ అన్న మాటనే భావకవులకు ఇనాముగా వ్రాసి ఇచ్చేశామా అని నాకు అనుమానం. క్రైస్తవులు అదే మాటను వేరొక అర్థంలో వాడతారు. ఆ అర్థాన్ని పాదిరీల ప్రచారమని మనవాళ్లు విచారించకుండానే త్రోసిపుచ్చారు. వినుకొండలో 1895లో పుట్టి, మాదిగ తల్లి చేతిలో క్రైస్తవుడుగా పెరిగి, సంప్రదాయ పద్యంలో కావ్యాలు వ్రాసిన గుర్రం జాషువా గారిని చదవబోతే ఈ రెండు అలవాట్లూ మనకు అడ్డం వస్తాయి.

సువార్తలు గ్రీకు భాషలో వ్రాయబడ్డవి. ఆ భాషలో మోహానికి ఏరోస్ అనీ, స్నేహానికి ఫిలియా అనీ వేరువేరు మాటలు ఉన్నాయి. కొత్త నిబంధనలో ఏరోస్ అన్న మాట కనిపించదు. అక్కడ నడిచేది అగాపే. తెలుగు బైబిలు దానిని ప్రేమ అన్నది. అంతకన్న దగ్గర మాట తెలుగులో లేదు, కనుక తప్పు పట్టలేము. కాని అగాపే మనసులో పుట్టే ఇష్టం కాదు. ఇష్టంతో నిమిత్తం లేకుండా ఎదుటివాడికి మేలు చేయటం. అనుభూతి కాదు, క్రియ. భౌతికవాదికి ఇందులో ఉలిక్కిపడవలసినది ఏమీ లేదు.

లూకా సువార్తలోని సమరయుని కథ అందరూ ఎరిగినదే. యెరూషలేము నుండి యెరికోకు పోయే దారిలో దొంగలు ఒకణ్ణి కొట్టి పడవేసిపోయారు. యాజకుడు చూసి ప్రక్కగా పోయాడు. లేవీయుడూ పోయాడు. యూదులు దగ్గరికి రానివ్వని జాతికి చెందిన సమరయుడు ఆగి, గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి, తన వాహనం మీద ఎక్కించి, సత్రంలో సొమ్ము కట్టి వెళ్లాడు. ప్రేమకు పాత్రుడైన పొరుగువాడెవడని ధర్మశాస్త్రజ్ఞుడు అడిగితే, పొరుగువాడుగా నడచుకున్నది ఎవరని ఏసు తిరిగి అడిగాడు. అడిగినవాడే పరీక్షలో నిలబడ్డాడు.

ఈ కథ తెలుగు పల్లెలో చదివితే మరొక చిక్కు ఉంది. పొరుగు అంటే ప్రక్క ఇల్లు. మాలపల్లె, మాదిగపల్లె ఊరికి వెలుపల, గాలి వాలు చూసి కట్టించినవి. ఊరివాడికి పల్లెవాడు ఏనాడు పొరుగువాడు? మన గ్రామనిర్మాణమే ఆ మాటకు అర్థం లేకుండా చేసింది. ఇది పాత సంగతి అనుకునేవారు మంఖాల్ దాకా పోయి చూడవచ్చు. 2008లో తెరచిన శంషాబాదు విమానాశ్రయానికి సుమారు 5,500 ఎకరాలు పోయింది. ఆ చుట్టుప్రక్కల ఊళ్లలో ప్లాట్ల హద్దురాళ్లు, ప్రహరీగోడలు లేచిన తర్వాత పొరుగును నిర్ణయించేది చదరపు గజం ధర. దారిన పడ్డవాడి గాయం కట్టటానికి పుణ్యాత్ములు దొరుకుతారు. దారి ఎవరిది అని అడిగేవాడు దొరకడు.

జాషువా ఆ ప్రశ్న అడిగాడు. 1941 నాటి గబ్బిలం ఆయన రచనలలో క్రైస్తవ కావ్యంగా లెక్కకు రాదు. ఆ లెక్క తప్పని నా అభిప్రాయం. కాళిదాసు యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపాడు. జాషువా ఆ చట్రాన్నే తీసుకొని విరహాన్ని ఊడబెరికి అక్కడ ఆకలిని పెట్టాడు. తంజావూరులోని అరుంధతీసుతుడు తన గుడిసెలో దూరిన గబ్బిలాన్ని శివుని దగ్గరకు దూతగా పంపుతాడు. హంసలు, మేఘాలు వాడి ఇంటికి రావు. శుభం కాదని జనం తరిమే పక్షి మాత్రమే వస్తుంది. అంటరానివాడికి అంటరాని దూత. గుడిలో అది వ్రేలాడేటప్పుడు దేవుని చెవికి దగ్గరగా ఉంటుంది గనుక, పూజారి లేని సమయం చూసి తన బ్రతుకు చెప్పుమంటాడు. వాడు చెమటోడిస్తేగాని పైరు పండదు, లోకానికి అన్నం పెట్టేవాడికే అన్నం లేదు. కర్మ అని చెప్పి తన నోరు కట్టి, తన కూడు తినేవాళ్లున్నారనీ, ఆ కర్మ ఏమిటో ఈశ్వరుని చేతనే ఋజువు చేయించమనీ కోరతాడు.

క్రైస్తవ కవి ఫిర్యాదును శివునికి ఎందుకు పంపాడు? మతసామరస్యం అని తేలికగా అనేవారున్నారు. నాకు అలా తోచదు. నేరం ఏ కచేరీ పరిధిలో జరిగిందో దావా అక్కడే వేయాలి. సమరయుడు గాయం కట్టాడు, దొంగలు ఎవరని విచారించలేదు. జాషువా నాయకుడు గాయంతోనే లేచి దొంగను చూపించాడు. అగాపే ఇక్కడ ఒక మెట్టు పైకి పోయింది. అయితే వాడు చూపించి ఆగాడన్నది కూడా నిజం. అర్జీ పెట్టాడు, ప్రక్క గుడిసెవాణ్ణి లేపలేదు. తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది ఇంకా రెండేళ్లకు, 1943లో. సంఘం పెట్టినవాళ్లం గబ్బిలాన్ని ఎంత శ్రద్ధగా చదివామన్నది మనం మనల్ని అడుగుకోవలసిన మాట.

పాదిరీల ప్రేమ సంగతి కూడా న్యాయంగా చూడాలి. 1876-78 కరువులో దొర ప్రభుత్వం తరఫున సర్ రిచర్డ్ టెంపుల్ పనివాడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కోశాడు. దేశం నుండి ధాన్యం ఎగుమతి ఆగలేదు. అదే కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో కొంత భాగం కంట్రాక్టు తీసుకొని మాదిగలకు పని కల్పించాడు. కూటి కోసం మతం పుచ్చుకోకూడదని కరువు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. దీనిని గింజల క్రైస్తవం అని ఎగతాళి చేసేవారు, గింజలు ఎవరి కొట్టులో ఉన్నవో మాత్రం చెప్పరు. అయినా క్లౌ కాలువ కూలి ఇప్పించగలిగాడు గాని, భూమి ఇప్పించలేకపోయాడు. టెంపుల్ ప్రభుత్వమే ఆ కాలువకు యజమాని. దాతృత్వానికి హద్దు అక్కడ ఉంది.

అన్నిటికన్న కష్టమైన ఆజ్ఞ శత్రువును ప్రేమించమన్నది. విద్యార్థులు దీనినే ఎక్కువగా వెక్కిరిస్తారు. వారి కోపానికి కారణం ఉంది. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను వేటాడి చంపారు. ఆ పల్లెలో క్రైస్తవ కుటుంబాలు అనేకం. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవశిక్ష, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ పల్లెలోని వితంతువుకు క్షమించమ్మా అని చెప్పే అధికారం ఎవరికుంది? కొట్టినవాడి నోట ఈ ఆజ్ఞ వస్తే అది సువార్త కాదు, దౌర్జన్యం. సువార్తలోని ఏసు చెంప చూపమన్నాడు. దేవాలయంలో వ్యాపారుల బల్లలు కూడా పడద్రోశాడు. శత్రువును ప్రేమించటమంటే వాణ్ణి నాశనం చేయాలన్న కోరికను విడవటం. వాడి నేరాన్ని విడవటం కాదు. న్యాయం అడిగే వితంతువు ప్రేమ తప్పిందనటానికి సువార్తలో ఆధారం లేదు.

ఈ అర్థాన్ని చర్చి కూడా పూర్తిగా నిలుపుకోలేదు. కమ్మ క్రైస్తవులు, రెడ్డి క్రైస్తవులు, మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు అని పెండ్లి సంబంధాల దగ్గర బయటపడుతుంది. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, పిల్లనివ్వటానికి కులం అడిగితే దానిని ఏ గ్రీకు మాటతో పిలవాలి? జాషువా దీనిని ఒంటి మీద అనుభవించాడు. పురాణకథలు వ్రాశాడని క్రైస్తవులు వెలివేశారు. పద్యం ఎంత గొప్పదైనా అగ్రవర్ణ సభలలో పంక్తి వేరే వేశారు. క్రీస్తుచరిత్ర కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానం వచ్చింది. బహుమానం న్యాయమే. ఇరువైపులా త్రోసిన మనిషి ఇరువైపులా త్రోయబడ్డ మనిషి కథనే చెప్పాడు. ఆయన ఛందస్సు, అలంకారాలు అన్నీ పురాణకవులవే. అది రాజీ అనేవారితో నేను ఏకీభవించను. భాష ఎవరి సొత్తు అన్న దానికి అది ఆయన సమాధానం.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను నేటికీ చేర్చలేదు. బాప్తిస్మంతో కులం పోయిందని కాగితం అంటుంది. పల్లెకూ ఊరికీ మధ్య దూరం మాత్రం ఆదివారం ఆరాధన ముగిసిన తర్వాత కొలిచినా అంతే ఉంటుంది.