ఎండని చేప

జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలలో 34 సంవత్సరములు తెలుగు పండితుడనుగా పనిచేసి, ఎఱ్ఱసిరా కలముతో ఎన్ని దిద్దుబాటులు చేసితినో లెక్కకందని నేను, పదవీ విరమణానంతరము హైదరాబాదులోని కుమార్తె యింట చేరి, నాలుగున్నరేండ్ల దౌహిత్రికి రాత్రివేళ కథలు చెప్పి నిద్రపుచ్చు కొత్త కొలువున కుదురుకొంటిని. కథ చెప్పుట నాకు వెన్నతో పెట్టిన విద్య యని నా నమ్మకము. యాభైమంది తుంటరులను ఒక్క కథతో కూర్చుండబెట్టినవానికి ఒక్క పసిపాప లెక్కా యనుకొంటిని.

మొదటి రాత్రి ఏడు చేపల కథ నెత్తుకొంటిని. రాజకుమారులు వేటాడి తెచ్చిన ఏడు చేపలలో ఎండక మిగిలిన యొకటి, దానికి అడ్డువచ్చిన గడ్డిమోపు, గడ్డి మేయని ఆవు, ఆవును మేపని పాలేరు, వానికి బువ్వ పెట్టని అవ్వ, ఆమెను కదలనీయక యేడ్చిన పిల్లవాడు, వానిని కుట్టిన చీమ, ఇట్లు ఒకరి తప్పును వేరొకరి మీదకు నెట్టుకొనుచు పోవు ఆ గొలుసుకథ వినని తెలుగువాడుండడు. తరగతిలో నేను దీనికి, పెద్దలు చెప్పగా విన్న వేదాంతార్థమును గూడ జోడించి, ఆరు చేపలు అరిషడ్వర్గమనియు, ఎండనిది మనస్సనియు, గడ్డిమోపు అజ్ఞానమనియు వ్యాఖ్యానించుచుండగా కడపటి బెంచీవారు సైతము కొంతసేపు ఆవులింతలు మానెడివారు. పాపకు మాత్రము అదంతయు వదలిపెట్టి, చీమ చెప్పిన జవాబుతో కథ ముగించి, నవ్వు కొరకు కాచుకొనియుంటిని. నవ్వు రాలేదు.

"మరి చేప ఎండిందా, తాతయ్యా?"

అరువదేండ్లుగా వినుచు, చెప్పుచు వచ్చిన కథలో ఈ ప్రశ్న నాకెన్నడును తోచలేదు. కథ చేపతో బయలుదేరి చీమ యొద్ద ఆగిపోవును గాని, మరల చేప యొద్దకు రానే రాదు. మా నాయనమ్మ మా యూరి అరుగు మీద చెప్పిన నాటి నుండియు, అంతకు పూర్వము ఎన్ని తరముల నుండియో, ఆ చేప యట్లే తడితడిగా పడియున్నది. దాని గతి యేమైనదని యడిగినవారిని నేనెఱుగను.

"తెలియదమ్మడూ" అంటిని. సర్వీసు మొత్తము మీద నేను తరగతిలో పలుకని మాట అది. అట్టి యిరకాటము వచ్చినప్పుడెల్ల "అది రేపటి పాఠములో వచ్చును" అని తప్పించుకొనెడివాడను.

ఆమె కొంతసేపు ఆలోచించి, "గడ్డి పక్కకి తీసేస్తే అయిపోయేదిగా! అందర్నీ ఎందుకు అడిగారూ?" అన్నది.

అజ్ఞానమును పక్కకు తీసివేయవచ్చునను ఊహ నా వ్యాఖ్యానములో ఎన్నడును చోటు చేసికొనలేదు.

మరునాడు ఎండుచేప యెట్లుండునో చెప్పుమన్నది. ఆమె యెఱిగిన చేపలు గాజుతొట్టెలో ఈదునవే. చిన్ననాడు ఉప్పాడ తీరమున చూచినది జ్ఞప్తికి తెచ్చుకొని, ఇసుకలో పరచిన చేపలను ఆడవాండ్రు కాకులనదలించుచు తిరుగవేయుట చెప్పితిని. "దోసె తిప్పినట్టా?" అని అరచేతిని బోర్లించి, మరల వెల్లకిలా త్రిప్పి చూపినది. అవునంటిని. "అయితే ఏడోదాన్ని తిప్పడం మర్చిపోయారు" అని తేల్చివేసినది. వేదాంతార్థము కంటె ఈ యర్థమే నాకిప్పుడు సమంజసముగా కనబడుచున్నది.

ఆమె మాటలో మొదట నన్ను కలవరపెట్టినది వ్యాకరణము. "ఇల్లులు", "ఊరులు", "గోరులు" అనును. దిద్దుటకు నోరు తెరచి, మధ్యలో ఆగిపోయితిని. మా యింట "ఇల్లులు" అనువారెవ్వరును లేరు. కావున ఇది విని పలికిన మాట కాదు. బహువచనమునకు "లు" చేర్చవలెనను సూత్రమును ఎవరును చెప్పకయే గ్రహించి, దానిని అపవాదములు లేకుండ అంతటను నడపుచున్నది. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన గ్రంథమునకు బాలవ్యాకరణమని పేరు. దాని పది పరిచ్ఛేదములను ఏండ్ల తరబడి బోధించియు, బాలురకు వ్యాకరణము మనము నేర్పవలసినదే గాని వారియొద్ద ముందే యుండునదని నేననుకొనలేదు.

ఒకనాడు, "పళ్ళు తోముకో" అన్న అమ్మమ్మను "ఏ పళ్ళు? అరటిపళ్ళా?" అని నిలదీసినది. గ్రాంథికమున కేగినను నాకు శరణు దొరకలేదు. అక్కడను పన్నుకు బహువచనము పండ్లే, పండుకును పండ్లే.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలను ఇంట నుంచుకొని, వారి నోటనే వారి భాష నేర్చి, 1931లో సవర వ్యాకరణమును ప్రకటించిరి. నిరక్షరుల ముందు అంతటి పండితుడు శిష్యుడై కూర్చుండుటను పాఠముగా ఎన్నిమారులో చెప్పితినే గాని, ఆ పీట నాకును వేయబడునని ఊహించలేదు. ఇప్పుడొక నోటుపుస్తకము పెట్టి ఆమె మాటలను తేదీలతో వ్రాసికొనుచున్నాను. ఎఱ్ఱసిరా కాదు, నీలమే. వ్రాయుచున్నట్లు కనబడిన మాట్లాడుట మానివేయును. అందుచేత స్నానపుగదిలోనికి పోయి వ్రాసికొని వచ్చుచున్నాను. ఈ దొంగరాతకు మా యింటావిడ పెట్టిన పేరు ఇక్కడ వ్రాయదగినది కాదు.

నిన్నటి రాత్రి కథ చెప్పినది తానే. రాజుగారి కొడుకులకు వేట విసుగెత్తి, చేపలను తిరిగి చెరువులో వదలిపెట్టిరట.

"ఏడోదాన్ని కూడానా?" అంటిని.

"అది తడిగానే ఉందిగా. అదే ముందు ఈదింది. తర్వాత అన్నీ వాళ్ళ వాళ్ళ ఇల్లులకి వెళ్ళిపోయాయి."

"ఇల్లులు కాదే, ఇళ్ళు!" అని వంటింటిలో నుండి అమ్మమ్మ కేక వేసినది. నేను లేచిపోయి, వంటింటి తలుపు చప్పుడు కాకుండ దగ్గరకు వేసి వచ్చితిని.