గిన్నె కొలత, గ్రాముల తూకం

ఆవకాయ పాళ్ళు అడిగితే పెద్దవాళ్ళు గిన్నె చూపిస్తారు. దాంతో ఆవపిండి ఒకటి, కారం ఒకటి, ఉప్పు ఒకటో, దానికి కాస్త తక్కువో. గిన్నె ఎంతదన్న పట్టింపు లేదు, అన్నిటికీ అదే అయితే చాలు. ఇప్పటి వంట పుస్తకాలు అదే ఆవకాయను గ్రాముల్లో చెబుతున్నాయి. చూడ్డానికి రెండూ ఒకే మాట. జాడీలోకి దిగితే కాదు.

240 మిల్లీలీటర్ల కప్పు నిండా మెత్తటి ఉప్పు పోస్తే సుమారు 290 గ్రాములు తూగుతుంది. అదే కప్పుడు కారం అందులో సగం కూడా తూగదు. ఆవపిండి ఇంకా తేలిక. "మూడూ సమానం" అన్న గిన్నె మాటను "మూడూ వంద గ్రాములు" అని రాసేస్తే కారంతో పోలిస్తే ఉప్పు సగానికి పడిపోతుంది. ఉప్పు చాలని పచ్చడి బూజు పట్టక మానదు. గిన్నెనూ త్రాసునూ తిట్టి లాభం లేదు, తప్పు మార్చి రాసినవాళ్ళది.

అలాగని గిన్నెను నెత్తిన పెట్టుకోలేను. ఆ పాళ్ళు ఏర్పడింది ఇంట్లో దంచిన కల్లుప్పుతో. ప్యాకెట్ ఉప్పు గిన్నెలో మరింత ఒత్తుగా సర్దుకుంటుంది, ఊరగాయ ఉప్పు కషాయం అవుతుంది. తూకానికి ఈ బెడద లేదు. మైదా సంగతీ అంతే: చెంచాతో వదులుగా పోస్తే కప్పుకు 120 గ్రాములు, డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా. అమెరికాలో ఫానీ ఫార్మర్ 1896 నాటి తన వంట పుస్తకంలో కప్పును తలకొట్టి కొలవమంది. గోపురం పోయింది గానీ లోపలి ఒత్తిడి పోలేదు. కేకుకు, ఉప్పుకు నా ఓటు త్రాసుకే.

పాళ్ళతో నడిచే వంటల్లో మాత్రం గిన్నెదే పైచేయి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అంటూ రెట్టింపులతో సాగిన లెక్క మనది. మినప్పప్పు ఒకటికి ఇడ్లీ రవ్వ రెండు అన్నాక త్రాసు దేనికి? 1958 నుంచి మెట్రిక్ తూనికలు అంచెలంచెలుగా వచ్చాక సోల, తవ్వ అటకెక్కాయి. వాటి చోటికి వచ్చిన స్టీలు గ్లాసుకు మాత్రం ఒక సైజంటూ లేదు. (మా ఇంట్లోనే మూడు రకాలున్నాయి.) రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు. దాంతో బియ్యం పోసి, నీళ్ళు 240 కప్పుతో రెండు పోస్తే ఒకటికి రెండు కాదు, దాదాపు రెండూ ముప్పావు అవుతుంది. అమెరికాలో మనవాళ్ళ అన్నం ముద్దయితే ముందు కప్పులు చూసుకోవాలి.

ఇక "నిమ్మకాయంత చింతపండు" రెండు లెక్కలకూ లొంగదు. కొత్త చింతపండు పులుపు వేరు, పాతదాని పులుపు వేరు. దాన్ని 25 గ్రాములని రాస్తే కచ్చితంగా కనిపిస్తుంది, అంతే.

అన్నిటికంటే చెడ్డది "కప్పు అంటే 250 గ్రాములు" అనే పట్టిక. అది 250 మిల్లీలీటర్ల కప్పులో పోసిన నీళ్ళకు తప్ప దాదాపు దేనికీ సరిపోదు. వంటలు రాసేవారికి ఒక్క విన్నపం: మీ కప్పు ఎన్ని మిల్లీలీటర్లో మొదటి వరుసలోనే చెప్పండి, ఊరగాయల్లో ఉప్పు మాత్రం గ్రాముల్లో ఇవ్వండి.