ఈ మాట వాడకూడదు

"మీ ఇష్టం, ఏదైనా రాయండి" అని కాగితం చేతికిస్తే పిల్లలు సింహాన్నీ కుందేలునీ దించుతారు. చివర అడ్డగీత కొట్టి 'ఈ కథలోని నీతి' అని ఒక వాక్యం తగిలిస్తారు. అదే కాగితం పెద్దలకిస్తే వాన మొదలవుతుంది. కిటికీ పక్కన కాఫీ కప్పుతో ఒకావిడ నిలబడుతుంది, ఆవిడకి గతం గుర్తుకొస్తుంది. ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు రాశామనే అనుకుంటారు గానీ, ఎవరో ఎప్పుడో రాసిపెట్టిందే మళ్ళీ కాగితం మీదికి వస్తుంది. గుంటూరు బ్రాడీపేటలో ఒక పుస్తకాల షాపు వెనకగదిలో ఆదివారాలు కథలు రాయించేవాళ్ళలో నేనూ ఉన్నాను. పొద్దున పిల్లలు, సాయంత్రం పెద్దలు. ఆ గదిలో ఎక్కువగా వినపడే మాట 'వాడకూడదు'.

ఈ పద్ధతి మా సొంతం కాదు. అవధానం చూసినవాళ్ళకి కొత్త కూడా కాదు. నిషిద్ధాక్షరిలో కవి ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత రాకూడని అక్షరమేదో పృచ్ఛకుడు చెబుతుంటాడు. కవి 'రా' అన్నాడంటే రాముడొస్తాడని కనిపెట్టి 'మ' పనికిరాదంటాడు. ఇక కవి రాజు దగ్గరికో రాత్రి దగ్గరికో పోవాల్సిందే. దత్తపదిలో నాలుగు మాటలిచ్చి వాటితో భారతార్థంలో పద్యం చెప్పమంటారు. ఆ నాలుగూ హోటల్లో టిఫిన్ల పేర్లయినా సరే, ద్రౌపది చేతో భీముడి చేతో పలికించాలి. సభలో మనం చప్పట్లు కొట్టేది ధారణకీ ధాటికీ. నాకు మాత్రం పృచ్ఛకుడి పని మీద ఆశ. నోటికి ముందుగా వచ్చే మాటకి అడ్డం పడటమే ఆయన పని. ఛందస్సు రాని నాబోటివాళ్ళు కూడా ఆ పని చెయ్యొచ్చు.

ఇటలీలో కొన్నాళ్ళు బడిపంతులుగా, ఆ తర్వాత పత్రికల్లో పనిచేసిన జానీ రొడారి, పిల్లల చేత కథలు కట్టించడం గురించి 1973లో ఒక పుస్తకం వేశాడు. సంబంధం లేని రెండు మాటలు పక్కపక్కన పెడితే వాటి మధ్య కథ పుడుతుందంటాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ కుక్క, బీరువా. మన దత్తపదికి నాలుగు మాటలు కావాలి, పైగా పాండవులు కూడా కావాలి. పాండవుల విషయంలో నేను రొడారి పక్షం. మాటలు మాత్రం నాలుగూ ఉండాల్సిందే. రెండిస్తే మన పిల్లలు చిటికెలో కలిపేస్తారు, నాలుగో మాట దగ్గరే ఇరుక్కుంటారు. ఆ ఇరుకులోంచి ఏమొస్తుందో చూడాలి.

ఒక ఆదివారం ఇచ్చిన మాటలు ఇవి: ఇడ్లీ రేకు, కరెంటు బిల్లు, పరీక్ష అట్ట, గొడుగు. నాలుగో తరగతి పాప ఒకతి రాసింది మీకు చెప్తాను. వాళ్ళ తాతయ్య కరెంటు బిల్లులన్నీ పరీక్ష అట్ట క్లిప్పుకి పెడతాడట. మూడేళ్ళవి ఉన్నాయట. ఆ పాపకి పరీక్షలొచ్చినప్పుడు అట్ట కావాలి కదా, అప్పుడు బిల్లులు తీసి, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా మీద ఇడ్లీ రేకు పెడతాడట. పరీక్షలయ్యేదాకా వాళ్ళింట్లో ఇడ్లీలు లేవు. ఇక్కడిదాకా గడగడా చదివి, "గొడుగు నాకు కుదర్లేదు. మా ఇంట్లో గొడుగు లేదు" అని కూచుంది. అదీ కాగితం మీద రాసిందే. పక్కన కూచున్న పిల్లాడు ఊరుకోకుండా, "మరి వాన పడితే?" అన్నాడు. "ఆగుతాం" అంది.

ఆ పాపకి సింహం, కుందేలు రాయడం వచ్చు. అంతకుముందు రాసింది కూడా. ఆ నాలుగు మాటలూ ఇవ్వకపోతే తాతయ్య అట్ట గానీ, ఇడ్లీలు ఆగిపోయిన పరీక్షల కాలం గానీ కథల్లోకి వచ్చే వస్తువులని దానికి తోచేది కాదు. మన ఇంట్లో జరిగేది పుస్తకంలోకి ఎక్కదని పిల్లలకి ఎవరూ నోటితో చెప్పరు, వాచకాలు చూసి వాళ్ళకి వాళ్ళే అనుకుంటారు.

అలాగని నీతిని మరీ తక్కువ చేసి మాట్లాడలేను. రేడియో అన్నయ్య, అక్కయ్యలు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మొదలుపెట్టిన 'బాల' పత్రికలో ముళ్ళపూడి వెంకటరమణ చిన్నతనంలో రాసిన కథ పేరు 'అమ్మ మాట వినకపోతే'. తర్వాత ఆ చేత్తోనే బుడుగుని రాశాడు. నీతి దగ్గర మొదలైనవాళ్ళంతా అక్కడే ఉండిపోరు. అయినా మా గదిలో దానికి ప్రవేశం లేదు.

పెద్దలకైతే నిషేధాల పట్టిక చార్టు మీద రాసి గోడకి అంటిస్తాం. మనసు, గుండె, జ్ఞాపకం, కన్నీళ్ళు, ప్రేమ, పల్లెటూరు. ఇవి లేకుండా మొదటి గంట కొందరికి ఊపిరాడదు. బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన వాళ్ళ నాన్న గురించి రాయాలని వచ్చారు. మొదటి ప్రతిలో తండ్రి ప్రేమ సముద్రమంత, మనసు వెన్న. పట్టికలోవన్నీ కొట్టేస్తే పేజీలో మిగిలింది తండ్రి పేరూ ఊరి పేరూ. ఆయనకి కోపం వచ్చింది, న్యాయమే. కాసేపటికి, "సరే, మా నాన్న ఏం చేసేవాడో రాస్తాను" అన్నారు. నాన్న మిరపకాయల కల్లంలో తాలు ఏరేవాడు. తర్వాత టిక్కీలు, అంటే బస్తాలు, మిర్చి యార్డుకి తోలేవాడు. ఎన్నిసార్లు కడుక్కున్నా చేతుల మంట పోయేది కాదు. "కాయ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మా నాన్న నా మొహం ముట్టుకునేవాడు కాదు. ఏదన్నా చెప్పాలంటే మోచేత్తో పొడిచేవాడు" అని రాశారు. గుంటూరులో ఉండి ఆ మోచెయ్యి తెలియనివాళ్ళు ఎవరుంటారు! కథలో మాత్రం నేను అదే మొదటిసారి చూడటం.

రాసింది పైకి చదవడంలో పిల్లలకీ పెద్దలకీ బోలెడు తేడా. పిల్లలు లేచి చదివేస్తారు. పెద్దలు ముందు ఒక ఉపోద్ఘాతం చెప్తారు. "ఏదో తోచింది రాశాను, నేను రచయితని కాను, తప్పులుంటే పెద్దలు క్షమించాలి..." కథ కంటే ఇదే పెద్దదవుతుంది. కాబట్టి అదీ నిషేధం. వినేవాళ్ళు 'బాగుందండీ', 'అద్భుతం' అనకూడదు. చెవిలో నిలిచిన మాట ఏదో చెప్పాలి, లేదా అర్థం కానిచోటు అడగాలి. మన ఆవిష్కరణ సభల్లో పుస్తకం విప్పకుండానే శాలువా కప్పి 'అద్భుతం' అనడం అలవాటైపోయింది. దాన్ని వదిలించుకోడానికి టైం పడుతుంది. అందుకే, ఈ శిబిరాల్లో రాయడం ఎంత వస్తుందో గానీ వినడం మాత్రం వస్తుందని నా నమ్మకం. ఎదుటివాడి వాక్యంలో మోచెయ్యి ఎక్కడుందో పట్టుకున్నవాడికి, తన వాక్యంలో అది లేకపోతే ఇబ్బందిగా ఉంటుంది.

"రాయడం నేర్పితే వస్తుందా?" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. పుట్టుకతో రావాలని మనకి గట్టి నమ్మకం. కానీ చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బందరులో తెలుగు పండితుడిగా ఉన్నప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు ఉన్నారు. ఒకే పంతులు దగ్గర ఇంతమంది తేలారంటే గాలివాటం అని ఎలా అంటాం? చందమామలో కొడవటిగంటి కుటుంబరావు వచ్చిన కథల్ని తిరగరాసేవారు. తన కథ అచ్చులో చూసుకుని, ఏ వాక్యం ఎగిరిపోయిందో పోల్చుకున్న ప్రతి రచయితకీ అదొక పాఠమే. వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం' అని ఏకంగా పుస్తకమే రాస్తే 1999లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు ఇచ్చారు. నేర్పేవాళ్ళు మనకి ఎప్పుడూ ఉన్నారు. ఇప్పుడు తగ్గినవాళ్ళు, కథని తిప్పి పంపుతూ ఎందుకు తిప్పి పంపారో రెండు ముక్కలు రాసే సంపాదకులు. ఫోన్లో టైపు చేసి నొక్కితే నిమిషంలో నలుగురూ చదువుతారు, బొటనవేళ్ళు పైకెత్తుతారు. ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో మాత్రం ఎవరూ చెప్పరు.

పుస్తకాల షాపే ఎందుకంటే, పని మధ్యలో లేచి అరలోంచి తీసుకోవచ్చు. మొదలెట్టడం తెలియక పెన్ను నములుతున్న పిల్లలకి పది కథల మొదటి వాక్యాలు చదివి వినిపిస్తే, "ఇలా కూడా మొదలెట్టొచ్చా?" అంటారు. షాపు ముందు సగమంతా ఈఏపీసెట్, గ్రూప్స్ గైడ్లు, నోటు పుస్తకాలు. సాహిత్యం వెనక సగంలో. పిల్లల్ని దింపడానికి వచ్చిన అమ్మానాన్నలు వెనకదాకా రాక తప్పదు, వస్తే ఒక పుస్తకమన్నా కొంటారని యజమాని లెక్క. మంచి లెక్కే. వాళ్ళలో కొందరు, "దీనివల్ల తెలుగులో మార్కులు పెరుగుతాయా అండీ?" అని అడుగుతారు. తగ్గొచ్చు అని చెబుతాం. వ్యాసానికి ఉపోద్ఘాతం, ముగింపు ఉండాలి కదా, మా దగ్గర రెండూ కొట్టేయిస్తాం.

మా గదిలో ఏడో తరగతి దాటిన పిల్లలు దాదాపు కనపడరు. ఎనిమిదికే ఫౌండేషన్ కోర్సులు, ఇంటర్‌కి హాస్టలు. పదేళ్ళవాళ్ళున్నారు, యాభై దాటినవాళ్ళున్నారు, పదహారేళ్ళవాళ్ళు లేరు. వాళ్ళు షాపు ముందు సగంలోనే ఆగిపోతారు, మెటీరియల్ కొనుక్కుని వెళ్ళిపోతారు. రాయడానికి అసలు సరుకంతా ఉండేది ఆ వయసులోనేనని నా అనుమానం. అది అప్పుడే కాగితం మీద పడకపోతే, నలభై ఏళ్ళు పోయాక కిటికీ, కాఫీ కప్పు అయి తేలుతుంది.

ఈమధ్య నెలకోసారి పిల్లల్నీ పెద్దల్నీ ఒకే చాప మీద కూచోబెడుతున్నాం. ఒక పక్షం నిషేధం పెట్టాలి, రెండో పక్షం రాయాలి. మొన్న పిల్లల వంతు. గుసగుసలాడుకుని, 'మా చిన్నప్పుడు' అనే మాట వాడకూడదన్నారు. పెద్దలు గగ్గోలు పెట్టారు. రిటైరైన టీచరుగారొకరు, "అది తీసేస్తే మా దగ్గర ఇంకేముందిరా?" అన్నారు. "నిన్న ఏం చేశారో రాయండి తాతగారూ" అన్నాడొకడు. ఆయన ఫించను కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్ళి, వేలిముద్ర పడక, తను బతికే ఉన్నానని యంత్రానికి నచ్చజెప్పిన వైనం రాశారు. పిల్లలు పడీ పడీ నవ్వారు. వచ్చే నెల వంతు పెద్దలది. 'సడన్‌గా' అన్న మాట మీద కన్నేశారు, పిల్లల కథల్లో అన్నీ సడన్‌గానే జరుగుతాయి మరి.