మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు

పద్యనాటకం పోస్టర్లు చదివిన వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పడకసీను కృష్ణుడు ఒకరు, రాయబారం సీను కృష్ణుడు ఇంకొకరు. నాటకం ఒక్కటే, రాత్రీ ఒక్కటే. మొదటి కృష్ణుడు బక్కగా ఉంటాడు, రెండో కృష్ణుడికి కాస్త పొట్ట ఉంటుంది. చాపల మీద కూర్చున్న జనంలో ఎవరూ లేచి ‘ఇందాకటాయన ఏడీ’ అని అడగరు. హరిశ్చంద్రలోనూ అంతే. కాటిసీను దగ్గరికొచ్చేసరికి హరిశ్చంద్రుడు మారిపోతాడు. ఏ సీనుకు ఎవరి గొంతు పలుకుతుందో వాళ్లే రావాలని జనమే కోరుకుంటారు.

సినిమాకు, టీవీకి ఇది ఇంత సులువుగా కుదరలేదు. బ్రిటన్‌లో 1963లో మొదలైన సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’లో 1966లో ముఖ్య నటుణ్ని మార్చాల్సి వచ్చింది. అందుకోసం ఆ డాక్టరు పాత శరీరం వదిలి కొత్త శరీరంతో లేస్తాడని కథ కల్పించారు. 2009లో ‘స్టార్ ట్రెక్’ను కొత్త నటులతో మళ్లీ మొదలుపెట్టినప్పుడు కాలమే రెండు పాయలుగా చీలిందన్నారు. అందులోని స్పాక్ అనే పాత్రగా అందరూ ఎరిగిన పాత నటుడు లెనార్డ్ నిమాయ్‌ని తీసుకొచ్చి కొత్త స్పాక్ ఎదుట నిలబెట్టారు. ముఖం మారినందుకు ప్రేక్షకులకు చెప్పుకున్న సంజాయిషీలివి. తెలివైన సంజాయిషీలే.

మనకు ఆ చిక్కు కృష్ణుడి దగ్గర వచ్చింది. 1957లో ‘మాయాబజార్’ వచ్చాక కృష్ణుడంటే ఎన్టీఆర్ ముఖమే. 1977లో ‘దానవీరశూరకర్ణ’లో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఆయనే అయ్యాక ఆ ముద్ర ఇంకా గట్టిపడింది. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ తీసిన నాగ్ అశ్విన్ కురుక్షేత్రంతోనే కథ మొదలుపెట్టాడు. కృష్ణుడు లేకుండా కుదరదు. ఆయన కృష్ణుణ్ని నిలబెట్టాడు గానీ ముఖం మాత్రం చీకట్లోనే ఉంచేశాడు. అంత పెద్ద సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చిన పని అదే. ఆ చీకటి చూస్తుంటే చిత్తూరు వైపు భారతంలో పట్టే తెర గుర్తొచ్చింది.

పాత చిత్తూరు జిల్లాను 2022లో విడదీశారు గానీ భారతానికి ఆ హద్దులు పట్టవు. తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో, పుత్తూరు, నగరి, పలమనేరు, కుప్పం వైపు ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్లున్న ఊళ్లలో పద్దెనిమిది రోజుల భారతం పెడతారు. ఎక్కువగా ఎండాకాలంలోనే. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం.

ఈ ఏర్పాటులో ఉన్న పనితనం మొదట్లో నాకు తెలియలేదు, తెలిశాక వదల్లేదు. హరికథ చెప్పే భాగవతార్ ఒక్కరే. కథ అంతా ఆ ఒక్కరి చేతిలో ఉంటుంది. రాత్రి ఆడబోయే ఘట్టం మధ్యాహ్నమే జనం చెవుల్లో పడుతుంది. ఇక రాత్రి వేషగాళ్లు ఎంతమంది మారినా, నిన్నటి అర్జునుడు ఇవాళ ద్రోణుడై వచ్చినా, కథ తెగదు. ఒకరు కథను మోస్తుంటే పాత్రల్ని పదిమంది పంచుకుంటారు.

తర్వాత ఆ తెర. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని నిలబడిన గుడ్డ, అంతే. పైన కిరీటం కొన, కింద గజ్జెల కాళ్లు. ముఖవీణ, మద్దెల అందుకుంటాయి. తెర వెనక నుంచే వేషగాడు తానెవరో, ఏ వంశం వాడో పాటలో చెప్పుకుంటాడు. ఆ తర్వాతే తెర తీస్తారు. అంటే పేరు, గొంతు, అడుగు, కిరీటం అన్నీ ముందే వచ్చేస్తాయి, ముఖం వచ్చేది చివర్లో. అది ఎవరి ముఖమైనా అప్పటికి పట్టింపు ఉండదు.

ఇక కట్టె నగలు. తేలిక కట్టెతో చెక్కి, రంగు కాగితాలు, అద్దం ముక్కలు అతికించిన కిరీటమూ భుజకీర్తులూ. అవి ఎక్కాక మనిషి భుజాలు రెండింతలవుతాయి. కిరీటం జారకుండా మెడ నిటారుగా నిలపాలి, తల తిప్పాలంటే నడుము దగ్గర్నుంచి తిరగాలి. రాజు నడక అలా వస్తుంది. పగలు మడిలో వంగి పనిచేసిన మనిషి రాత్రి అలా నడుస్తుంటే చూడాలి. ఆ నడక నేర్పింది సగం గురువు, సగం ఆ కట్టె. వేషగాడు మారినా కిరీటం అదే గనుక నడకా అదే.

అర్జునుడి తపస్సు నాడు భయమేస్తుంది. నున్నటి పొడుగాటి మానును నిలువునా నాటుతారు, దాని మెట్ల మీద అర్జున వేషధారి పాడుకుంటూ పైకెక్కుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిచీరలతో సాష్టాంగ పడి ఉంటారు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయ, విభూతి, మారేడు దళం తమ మీద పడాలని వాళ్ల కోరిక. వ్యాసుడి అర్జునుడు తపస్సు చేసింది కొండమీద. ఊరు ఆ కొండను మాను చేసింది. గుడి దగ్గర కావలి పోతురాజూ వ్యాసుడి భారతంలో లేడు. ద్రౌపది జుట్టు విరబోసుకుని పట్టిన శపథమూ అందులో లేదు, భట్టనారాయణుడి వేణీసంహారం లాంటి తర్వాతి రచనల్లో ఉంది. వీటన్నిటినీ జనం సొంతం చేసుకున్నారు. కానీ వరస మాత్రం తప్పనివ్వరు. అభిమన్యుడు పడకముందు సైంధవుణ్ని చంపితే ముసలివాళ్లు ఊరుకుంటారా?

పద్దెనిమిదో రోజు పొద్దున్నే దుర్యోధన వధ. నేలమీద మట్టితో మెత్తి, వెల్లకిలా పడుకున్నట్టు చేసిన దుర్యోధనుడు. ఇల్లంత పొడుగు. మీసం, గుడ్లురిమిన కళ్లు, రంగులు. చెయ్యి మనిషంత ఉంటుంది. చిత్రమేమిటంటే ఆ మట్టి దుర్యోధనుడి చుట్టూ, మీదుగా, వేషం కట్టిన దుర్యోధనుడు ప్రాణంతో పరుగెత్తుతుంటాడు, వెనక గదతో భీముడు. ఒకే పాత్ర ఒకే సమయంలో రెండు శరీరాల్లో ఉంటుంది. చూసేవాళ్లలో చిన్నపిల్లకు కూడా తికమక ఉండదు. గద చివరికి మట్టి తొడ మీద పడుతుంది, ఎర్రటి నీళ్లు చిమ్ముతాయి, ఆ ఎరుపుతో ద్రౌపది జుట్టు ముడుస్తుంది. దెబ్బ తొడ మీద పడాలి, జుట్టు అప్పుడే ముడవాలి. ఆ రెండూ మారవు. మట్టి మాత్రం ప్రతిసారీ కొత్తది.

‘కల్కి’లో అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్‌ని చూసినప్పుడు నాకు ఈ తొడే గుర్తొచ్చింది. ఆరువేల ఏళ్లు ముందుకెళ్లిన కథ అది. యంత్రాలు, ఎగిరే బండ్లు. యువకుడు ముసలివాడయ్యాడు. అయినా మణి ఊడబెరికిన నుదుటి గాయం అలాగే ఉంది, కృష్ణుడి శాపం అలాగే ఉంది. అందుకే అతను అశ్వత్థామే అని నమ్మాం. కర్ణుడిగా ప్రభాస్, అర్జునుడిగా విజయ్ దేవరకొండ కనిపించినప్పుడు అంత నమ్మలేకపోయాను. అక్కడ పాత్రకంటే ముందు తారల ముఖాలే వచ్చాయి, థియేటర్లో ఈలలూ వాటికే. తెర పట్టి, పేరు చెప్పించి, అప్పుడు చూపిస్తే ఎలా ఉండేదో అనిపించింది.

పాత్రను మళ్లీ మొదలుపెట్టాలనుకునే దర్శకులకు, రచయితలకు నాదొక మనవి. చిత్తూరు వైపు భారతానికి వస్తే దుర్యోధన వధ ఒక్కటీ ఫొటో తీసుకుని వెళ్లిపోకండి. ముందు రోజు మధ్యాహ్నమే వచ్చి హరికథ వినండి. రాత్రికి తెరకు దగ్గరగా, నేలమీద కూర్చోండి.