కాశీమజిలీల నుండి పాతాళభైరవికి

మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ బాల్యమున చదివినవారు, 1951వ సంవత్సరము మార్చి 15వ తేదీన విడుదలయైన విజయావారి ‘పాతాళభైరవి’ని చూచునప్పుడు మొట్టమొదట వెదకునది మణిసిద్ధుని. అతడు కనబడడు. అతని వెంటనుండు గొల్లపిల్లవాడును కనబడడు. చిత్రమునకు మూలము ఆ కథలలో నున్నదని ప్రసిద్ధి. అల్లావుద్దీను కథయు అందు చాలవరకు కలిసిపోయినది. కథ వచ్చినది గాని కథ అడిగినవాడు రాలేదు. నా ఫిర్యాదంతయు ఇంతే.

పన్నెండు భాగముల ఆ గ్రంథమునకు ఆధారము ఒక చిన్న ఒప్పందము. మణిసిద్ధుడను యతి కాశికి కాలినడకను పోవుచు ఒక పసులకాపరిని తోడు గొనును. దారిలో ఏ వింత కనబడినను దాని వృత్తాంతము చెప్పితీరవలెనని వాని పట్టు. చెప్పనిచో వాడు వెనుదిరుగును. మజిలీ చేరి భోజనములు ముగిసిన పిదప వాడడుగును, ఈయన చెప్పును. చదువుకొన్నవాడు చదువులేని పిల్లవానికి జవాబుదారి యగుట మన వాఙ్మయమున తరచుగా కనబడు సంగతి కాదు. చిన్నతనమున నేను ఆ కథలలోని రాజకుమారులనందరిని మరచిపోయినాను గాని, అడుగు ఆ గొల్లవానిని మరువలేదు.

చిత్రమును నిందించుటకు నేను పూనుకొనలేదు. కె.వి. రెడ్డిగారి దర్శకత్వము, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణము నేటికిని చూపరులను కట్టివేయుచున్నవి. పింగళి నాగేంద్రరావుగారి మాటల సంగతి చెప్పనే యక్కరలేదు. శిశువని యర్థమిచ్చు ‘డింభక’ శబ్దమును నేను పదియేండ్లు పాఠము చెప్పినను పిల్లల నోట నిలుపజాలను. మాంత్రిక వేషమున ఎస్.వి. రంగారావుగారు నోరార పిలిచి దానిని వీధివీధికి పంచిపెట్టినారు. తోటరాముడైన ఎన్.టి. రామారావుగారికంటె ప్రేక్షకుడు ఈ దుష్టుని కొరకే ఎక్కువగా ఎదురుచూచుననుట అబద్ధము కాదు. ఇక ఇందుమతికి వలచుటయు భయపడుటయు అపహరింపబడుటయు తప్ప వేరు పని కల్పింపలేదు. రాజు తోటమాలి కొడుకును తనతో సమానమైన ధనము తెమ్మనును. ప్రతిమ చేతికి రాగానే మేడ లేచును. చెమట యెచ్చటను లేదు.

సంస్కారప్రియులగు మిత్రులు, ఈ మంత్రములును నరబలియు పిల్లలకేల యని యడుగుదురు. నాకా భయము లేదు. బలి యీయ దలచినవాడే బలియగుటను పిల్లలు తమ కన్నులతో చూచుచున్నారు. నా భయమెల్ల తెర నిలువకుండుటను గూర్చియే. పుస్తకము చదువువాడు వ్రేలు పెట్టి పుట మూసి ఆలోచింపగలడు. తెర వానికొరకు ఆగదు.

అందుచేత గోదావరిఖనిలో బడిపిల్లలకు ఈ చిత్రము చూపినప్పుడు నేనే ఆపితిని. మాంత్రికుడు రాముని గుహలోనికి తోడుకొనిపోవు ఘట్టమది. ఈ పిల్లలలో పెక్కండ్ర తండ్రులో తాతలో సింగరేణి బొగ్గుబాయిలలో దిగినవారు. 1960వ దశకము మొదలుకొని ఈ ఊరివారికి పాతాళమనగా షిఫ్టునకు దిగు చోటే. ఏమైన నడుగుదురేమోయని చూచితిని. ఒక బాలుడు లేచి, “సార్, గన్ని మంత్రాలొచ్చినోడు ఇంకొకన్ని బలిచ్చుడెందుకు? ఆయనే మొక్కి అడుగరాదా?” అనెను. దేవి సాహసియగు యువకునే కోరునని చిత్రము చెప్పు కారణమును నేనును చెప్పితిని. వాడు తృప్తిపడలేదు. వెనుక వరుసలోని బాలిక నాకంటె ముందుగా, “దిగేటోడు ఒకడు, తీస్కునేటోడు ఒకడు. గట్లనే ఉంటది” అని కూర్చుండెను.

ఆ మాటతో నాకు అల్లావుద్దీను జ్ఞప్తికి వచ్చెను. 1709లో హన్నా దియాబ్ అను సిరియా దేశీయుడు పారిస్ నగరమున గలాను అను ఫ్రెంచి పండితునికి చెప్పిన కథ అది. అందు మాంత్రికుడు తాను దిగడు. బాలుని దింపును, దీపము ముందుగా తన చేతికీయలేదని కోపించి పైనుండి రాయి మూసివేయును. మన చిత్రకర్తలు ఈ ఘట్టమును విడిచి, దాని స్థానమున మొసలిని, శాపము తీరిన అప్సరసను, దేవి యెదుట కత్తిని నిలిపిరి. కన్నులకు పండువే. కాని మొసలి చచ్చును, అప్సరస రహస్యము చెప్పును, రాముడు గెలుచును. భయపడుటకు వ్యవధి చాలదు. మూతపడిన రాతి క్రింద చీకటిలో ఒంటరిగా కూర్చున్న పిల్లవానిని ఇన్ని అద్భుతములకును బదులుగా ఇచ్చివేయుట నష్టపు బేరమని నా యభిప్రాయము. సింగరేణి ప్రాంతమున కాక మరియొకచోట నున్నచో నాకిట్లు తోచునో లేదో.

తెర నట్లే నిలిపియుంచి ఆ కథ పిల్లలకు చెప్పితిని. రాయి మూసినంతవరకు చెప్పి ఊపిరి తీసికొంటిని. మొదట అడిగిన బాలుడే మరల లేచి, “లోపల గాలి ఉంటదా సార్?” అనెను. బాయిలోనికి గాలి నెట్లు పంపుదురో వాని తాతకు తెలిసినంత నాకు తెలియదు; తెలిసినంత చెప్పుచుండగానే గంట కొట్టిరి. తక్కిన చిత్రము మరునాడు చూచితిమి.