పువ్వును తిప్పి చూడండి

రంగు చూసి పువ్వు పేరు చెప్పేవాళ్లను నేను నమ్మను. ఇంగ్లండ్‌లో గుత్తుల కోసం పెంచే పూలలో, నిటారుగా కంకి వేసి నీలంగా పూసేవి చాలానే ఉన్నాయి. మా పెరట్లో డెల్ఫీనియం, మాంక్స్‌హుడ్ ఒకే మడిలో ఉంటాయి. చూడవచ్చినవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. తిప్పి చూస్తే తేడా తెలిసిపోతుంది. డెల్ఫీనియం పువ్వుకు వెనక సన్నటి గొట్టం సాగి ఉంటుంది. మాంక్స్‌హుడ్‌కు అది ఉండదు. పైరేకు పడగలా ముందుకు వంగి ఉంటుంది. ఆ పడగను కాస్త ఎత్తితే కాడల మీద నిలబడ్డ రెండు తేనెగ్రంథులు దొరుకుతాయి.

పూతకు ముందు పోల్చడమే అసలు పని. మాంక్స్‌హుడ్ ఆకు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతూ మొదలుదాకా చీలి ఉంటుంది. కింద వేరు దుంపకడుతుంది. ఆ దుంపే ప్రమాదం. 1856లో స్కాట్లండ్‌లోని డింగ్‌వాల్‌లో దాన్ని హార్స్‌రాడిష్ అనుకుని పచ్చడి చేస్తే, విందుకొచ్చిన ఇద్దరు మతగురువులు చనిపోయారు. మన పచారీ కొట్ల వసనాభి కూడా ఈ కుటుంబపుదే. వైద్యులు దాన్ని గోమూత్రంలోనో పాలలోనో శుద్ధి చేయనిదే మందులో వాడరు.

ఇక మాంక్స్‌హుడ్‌లో ఏది ఏదో చెప్పడానికి నాకు ఆసరా పూసే కాలం. నాపెల్లస్ వేసవిలో పూస్తుంది. ఆకులు సన్నటి పేలికలు, పడగ పొట్టి. చైనా నుంచి వచ్చిన కార్మైకేలీ సెప్టెంబరు, అక్టోబరుల్లో పూస్తుంది. ఆకు దళసరి, పడగ పొడవు. జర్మన్ నర్సరీ యజమాని గెయోర్గ్ ఆరెండ్స్ పేరు మోస్తున్న ‘ఆరెండ్సీ’ ఈ రెండో జాతికి చెందినదే. అక్టోబరు గుత్తికి నాపెల్లస్ అని చీటీ కనిపిస్తే నేను చీటీని పక్కనపెట్టి ఆకు చూస్తాను. నీలం తెలుపు కలిసిన ‘బైకలర్’ సంకరజాతి. దాన్ని మాత్రం రంగుతోనే పోల్చవచ్చు, నా మొదటి వాక్యానికి అదొక్కటే మినహాయింపు.

ఏ రకమైనా విషం మాత్రం ఉంటుంది. ఆ విషం పేరు అకోనిటైన్, అది గుండె లయను చెడగొడుతుంది. రసం చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగగలదు. పూలు పెంచి అమ్మేవాళ్లకు నా మనవి: చీటీ మీద జాతి పేరు సరిగ్గా రాయండి, విషమని కూడా రాయండి. కొనేవాళ్లు కాడలు కత్తిరించేటప్పుడు చేతితొడుగులు వేసుకోండి. పిల్లలున్న ఇంట్లో ఈ గుత్తి పెట్టకండి.